దమ్ము బిగబట్టే మనిషి: నేత్రాణి దగ్గర ఒక స్కూబా శిక్షణ కేసు

హనుమకొండలో స్కూబా డైవింగ్ నేర్పుతానని చెబితే "ఎక్కడ, భద్రకాళి చెరువులనా?" అని నవ్వని మనిషి నాకు ఇంతవరకు తగలలేదు. నేర్పేది ఈత కొలనులో. మెళకువలు వచ్చాక, అక్టోబర్ నుంచి మే లోపు ఎప్పుడైనా, నలుగురైదుగురిని జట్టుగా కర్ణాటకలోని మురుడేశ్వర్ తీసుకుపోయి, అక్కడి నుంచి పడవలో నేత్రాణి దీవి దగ్గరికి చేర్చి సముద్రంలో దింపుతాను. అక్కడ నాకు తోడుగా ఇంకో ఇన్‌స్ట్రక్టర్ ఉంటారు. వానాకాలంలో ఆ సముద్రం ఎవర్నీ రానివ్వదు.

ఈ కేసులో విద్యార్థి చెవికి చిన్న దెబ్బతో బయటపడ్డాడు. అంతకంటే చాలా పెద్దది అయ్యుండేది. దాని గుర్తులు వారాల ముందే నా కళ్ళ ముందు ఉన్నాయి, వాటిని చూసి నేను ఆయన్ని మెచ్చుకున్నాను కూడా. అందుకే వివరంగా రాసిపెడుతున్నాను. ఆయనకు చెప్పే రాస్తున్నాను, పేరూ ఊరూ మాత్రం వద్దన్నాడు.

వచ్చినప్పటి సంగతి

41 ఏళ్ళు, 82 కిలోలు. నర్సంపేట వైపు ఊరు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి. బీపీ, షుగర్ లేవు. నాకంటే ఏడేళ్ళు పెద్ద కాబట్టి నాకు అన్న, నేను ఆయనకు తమ్మీ. కొడుకు ఫోన్లో ఏదో వీడియో చూపించాడట. "నీళ్ళల్ల ముప్పావుగంట ఉంటరట గదా తమ్మీ. నేను చిన్నప్పుడు బాయిల ఒక నిమిషం పైన ఉంటుంటి. మిగిలింది ఎట్లుంటరో సూద్దామని వచ్చిన" అన్నాడు.

కోర్సులో చేరేవాళ్ళు ముందు ఆరోగ్య ప్రశ్నల ఫారం నింపాలి. ఆయన అన్నిటికీ "లేదు" అని గీత కొట్టి ఇచ్చాడు. పక్కనే కూర్చున్న వదిన ఆ కాగితం తీసుకొని చూసి, "మిర్చి సీజన్ల రాత్రంత దగ్గుతడు, అది రాయలే?" అంది. అది రాయకపోతే జరిగేది మామూలు విషయం కాదు. ఊపిరి గొట్టాలు ఎక్కడైనా బిగుసుకొని ఉంటే, పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లో ఆ భాగంలోని గాలి బయటికి రాలేక ఇరుక్కుంటుంది. మనిషి సరిగ్గా ఊపిరి వదులుతున్నా సరే. ఛాతీ డాక్టర్ దగ్గరికి పంపాను. గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష చేశారు, ఉబ్బసం లేదన్నారు. చెవి డాక్టర్ కూడా కర్ణభేరి బాగుందన్నారు. సీజన్లో ఘాటుకు ముక్కు దిబ్బడ వేయడం మాత్రం నిజమే, దాన్ని నా పుస్తకంలో రాసుకున్నాను.

కొలనులో నేను చూసి కూడా చూడనివి

200 మీటర్ల ఈత పరీక్ష పెడితే, తల పైకెత్తి, రెండు చేతులతో నీళ్ళను పక్కలకు తోసుకుంటూ, ఆగకుండా కొట్టేశాడు. బావి ఈత చూడటానికి అందంగా ఉండదు కానీ అలసట ఎరగదు. పది నిమిషాలు తేలమంటే కళ్ళు మూసుకొని పడుకున్నాడు. మిగతా ముగ్గురు కుర్రాళ్ళు, సాఫ్ట్‌వేర్ పిల్లలు, ఆయన్ని చూసి దిగులుపడ్డారు.

నీళ్ళలో తేలడం, మునగడం, మధ్యలో నిలవడం గురించి చెప్పడానికి నేను ఎప్పుడూ రామప్ప ఇటుక కథే వాడతాను. మనవాళ్ళకు వేరే ఉపమానం అక్కర్లేదు. గుడి శిఖరం ఇటుక నీళ్ళమీద తేలుతుంది, గుడి గోడ రాయి మునుగుతుంది, డైవర్ ఆ రెండింటి మధ్య ఉండాలి. నడుముకు సీసం బరువులు కట్టుకొని రాయి వైపు జరుగుతాం, బీసీడీ అనే జాకెట్లోకి కొంచెం గాలి వదిలి ఇటుక వైపు జరుగుతాం. చివరి సర్దుబాటు ఊపిరితిత్తులది: పీల్చితే కాస్త లేస్తాం, వదిలితే కాస్త దిగుతాం. అన్నకు ఇది వెంటనే ఎక్కింది. మంచినీళ్ళ కొలనులో 4 కిలోల బరువుతో కుదురుకున్నాడు.

ఇక గాలి ఖర్చు. మా సిలిండర్ 11 లీటర్లది, 200 బార్ ఒత్తిడి వరకు నింపుతాం. 45 నిమిషాల క్లాసు అయ్యేసరికి, సిలిండర్లో మిగిలిన గాలిని చూపించే మీటర్లు పిల్లలవి 100 దగ్గర ఉన్నాయి. అన్నది 160. అంటే వాళ్ళలో సగం కూడా వాడలేదు. కొత్తవాళ్ళు కంగారులో గాలి తినేస్తారు కాబట్టి, ఇంత తక్కువ వాడినవాణ్ణి చూసి "చూడండ్రా, అన్న ఎంత నిమ్మళంగా ఉన్నాడో" అని పిల్లల ముందు పొగిడాను. ఆయన మొహం వెలిగింది. ఆ పొగడ్త చేసిన చెడు అంతా ఇంతా కాదు.

ప్రతి క్లాసు తరువాత ఆయనకు తలనొప్పి. క్లోరిన్ వాసన పడలేదన్నాడు, సాయంత్రం చాయ్ తప్పిందన్నాడు. నేనూ సరేనన్నాను.

మూడోది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కోర్సులో ఒక మెళకువ ఉంది: నీళ్ళ అడుగున మాస్క్ పూర్తిగా తీసేసి, ముక్కు నీళ్ళలో ఉండగానే, నోట్లో ఉన్న రెగ్యులేటర్‌తో, అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరంతో, కనీసం ఒక నిమిషం ఊపిరి పీల్చి వదలాలి. అన్న మాస్క్ తీశాడు, రాయిలా కూర్చున్నాడు, నిమిషం దాటాక తొడుక్కొని, ముక్కుతో ఊది లోపలి నీళ్ళు బయటికి నెట్టాడు. మొదటిసారికే అయిపోయింది. నేను టిక్కు పెట్టాను. ఆ నిమిషంలో నేను చూసింది చేతి గడియారాన్ని. బుడగల్ని చూసి ఉంటే ఒకటో రెండో తప్ప రాలేదని తెలిసేది. ఒక నిమిషం దమ్ము బిగబట్టడం ఆయనకు పదేళ్ళ వయసు నుంచి ఉన్న విద్య.

ఈ మూడూ ఒకే సంగతి చెబుతున్నాయి. ఆయన రెగ్యులేటర్‌తో ఊపిరి తీసుకోవడం లేదు. ఒక గుక్క గాలి పట్టుకొని, దాన్ని బిగబట్టి, ఇక ఆగలేనప్పుడు ఇంకో గుక్క తీసుకుంటున్నాడు. ఊపిరి వదలకపోతే కార్బన్ డయాక్సైడ్ ఒంట్లో పేరుకుంటుంది, తలనొప్పి అందుకే. గాలి మిగలడమూ అందుకే.

బిగబడితే ఏమవుతుంది

బావికి, స్కూబాకు తేడా ఇక్కడే ఉంది కాబట్టి ఇది కొంచెం నిదానంగా చెప్పాలి. కుర్రవాడు గట్టు మీద నిలబడి ఆరు లీటర్ల గాలి పీల్చి దూకాడనుకోండి. పది మీటర్ల అడుగుకు చేరేసరికి పైనున్న నీళ్ళ ఒత్తిడికి ఆ గాలి మూడు లీటర్లకు నలుగుతుంది. పైకి వచ్చేసరికి మళ్ళీ ఆరు అవుతుంది. బయల్దేరినప్పుడు ఎంతో తిరిగొచ్చినప్పుడూ అంతే. అందుకే బావిలో బిగబట్టి పైకి వస్తే ఛాతీ పగలదు.

స్కూబాలో గాలి పీల్చేదే అడుగున. రెగ్యులేటర్ ఎంత లోతులో ఉంటే ఆ లోతు ఒత్తిడికి సరిపడా గాలి ఇస్తుంది. పది మీటర్ల అడుగున నిండా ఆరు లీటర్లు పీల్చి, నోరు మూసుకొని పైకి వస్తే, నీటి మీదికి చేరేసరికి అది పన్నెండు లీటర్లు కావాలి. పన్నెండుకు లోపల చోటు లేదు. ఊపిరితిత్తుల సన్నని గోడలు చిట్లి గాలి ఛాతీలోకో, మెడ చర్మం కిందికో, అన్నిటికంటే ఘోరంగా నెత్తుటి నాళాల్లోకో పోతుంది. నెత్తుట్లో పడిన గాలి బుడగ మెదడుకు చేరితే నిమిషాల్లో మనిషి పడిపోతాడు. ఇందుకు పెద్ద లోతు అక్కర్లేదు, నిండు ఊపిరితో మీటరున్నర కూడా చాలు. మా కొలను లోతు చివరన కూడా ఆ ప్రమాదం ఉన్నట్టే. మొదటి క్లాసులో మొదటి వాక్యం ఇదే చెబుతాం: ఎప్పుడూ ఊపిరి బిగబట్టకు. అన్న ఆ వాక్యం నోట్‌బుక్‌లో రాసుకున్నాడు, పరీక్షలో సరిగ్గా జవాబు రాశాడు. చేతికి తెలిసింది గొంతుకు తెలియలేదు.

నేత్రాణి, డిసెంబర్

మురుడేశ్వర్ తీరానికి నేత్రాణి దాదాపు 19 కిలోమీటర్లు. పడవలో గంట, అలలుంటే ఇంకా పైనే. ఇసుక తిన్నె ఉన్న దీవి కాదు, సముద్రంలోంచి నిటారుగా లేచిన రాతి గుట్ట. పైన చెట్లు, వాటి మీద తెల్ల పొట్ట సముద్రపు గద్దలు. పద్మాక్షి గుట్ట సగం దాకా నీళ్ళలో మునిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కింద కూడా అవే బండలు, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. లక్షదీవుల్లోలా పగడాలే కట్టిన దిబ్బ కాదిది. ఇక్కడ పగడాలు రాయిని పట్టుకొని పెరుగుతాయి. బండల సందుల్లో గ్రూపర్లు, స్నాపర్లు, మోరే ఈల్ అనే పాములాంటి చేప, రెక్కలు విప్పుకొని కదలకుండా ఉండే లయన్ ఫిష్. దూరంగా నీలంలో బారకూడాల గుంపు.

చూడటానికి ఇంత బాగున్న చోటు నేర్పడానికి మాత్రం అంత సులువు కాదు. చదునైన ఇసుక నేల తక్కువ. బండల మీద పొడుగు నల్ల ముళ్ళున్న అర్చిన్లు అనే సముద్ర జీవులు, మోకాలు పెడితే ఇక అంతే. అల వచ్చి రాయికి తగిలి వెనక్కి పోయేటప్పుడు అడుగు నీళ్ళు కూడా మనల్ని ముందుకూ వెనక్కూ ఊపుతాయి. కొలనులో మోకాళ్ళ మీద కూర్చొని నేర్చుకున్నవన్నీ ఇక్కడ నీళ్ళ మధ్యలో వేలాడుతూ చేయాలి.

మొదటి డైవ్ ఆరు మీటర్లు. లంగరు తాడు పట్టుకొని దిగాం. అన్నకు ఎడమ చెవి మొరాయించింది. మార్కెట్లో ఇంకా మిర్చి జోరు మొదలు కాలేదు, అయినా బయల్దేరే ముందు రోజు కోల్డ్ స్టోరేజీలో పాత సరుకు బస్తాలు తిరగేయించాడట, ముక్కు బరువుగా ఉంది. చెవుల్లోకి గాలి పోయి ఒత్తిడి సర్దుకునేలా ముక్కు పట్టుకొని మెల్లగా ఊదుతూ, అర మీటరుకోసారి ఆగుతూ దిగాడు. కింద ఆయన చేసిన మొదటి పని, ఒక బండ బొక్కలోకి చెయ్యి పెట్టబోవడం. చెరువు కట్ట బొక్కల్లో ఎండ్రికాయలు పట్టిన చెయ్యి కదా, ఆగదు. నేను చెయ్యి వెనక్కి లాగిన మరుక్షణం ఆ బొక్కలోంచి మోరే ఈల్ తల బయటికి పెట్టి నోరు తెరిచింది. మాస్క్ లోపల ఆయన కళ్ళు చూడాల్సింది.

పడవ మీద మళ్ళీ తలనొప్పి. ఈసారి కడుపులో తిప్పుడు అనుకున్నాం.

రెండో డైవ్‌కు దిగే ముందు నేను చేసిన తప్పు ఒకటుంది. ఉప్పునీళ్ళు మంచినీళ్ళ కంటే రెండున్నర శాతం బరువు, అందుకే సముద్రంలో ఎక్కువ తేలతాం. సామాన్లతో కలిపి ఆయన నూటయైదు కిలోలుంటే, కొలనులో పెట్టిన దానికి రెండున్నర కిలోలు కలపాలి. అంటే ఆరున్నర. మొదటి డైవ్‌లో దిగడానికి ఇబ్బంది పడ్డాడని నేను ఎనిమిది కట్టించాను. నిజానికి దిగనివ్వనిది చెవి, తేలిక కాదు. ఎక్కువ బరువు కట్టుకున్న మనిషి నిలవాలంటే జాకెట్లో ఎక్కువ గాలి నింపాలి. ఆ గాలి కూడా పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది.

తొమ్మిది మీటర్ల దగ్గర రెండు బండల మధ్య చిన్న ఇసుక మడి ఉంటుంది. అక్కడ మాస్క్‌లోకి కొంచెం నీళ్ళు రానిచ్చి ఊది తీసేయమని సైగ చేశాను. ఆయన అంచు ఎత్తాడు. అదే సమయానికి అల తోపు వచ్చి ఇద్దరినీ పక్కకు నెట్టింది. కొంచెం అనుకున్నది మాస్క్ నిండిపోయింది, ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయాయి. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, చెంపలు బిగిశాయి. బుడగలు ఆగిపోయాయి.

ఆ ఒక్క క్షణంలో నాకు కొలను మొత్తం అర్థమైంది.

కాళ్ళు బలంగా తన్నాడు. బావిలో ఊపిరి చాలకపోతే అందరూ చేసే పనే అది. జాకెట్లో ఎక్కువున్న గాలి తోడై ఆయన లేవడం మొదలుపెట్టాడు. నేను జాకెట్ పట్టీ దొరకబుచ్చుకొని, ఒక చేత్తో దాని గాలి వదిలే తాడు లాగి, రెండు కాళ్ళు వెడల్పు చేసి బ్రేకులా నిలబడ్డాను. పూర్తిగా ఆపలేకపోయాను, వేగం మాత్రం తగ్గించాను. మొహంలో మొహం పెట్టి నా ఊపిరి అంతా బుడగలుగా ఆయన మాస్క్ ముందు వదిలాను. నాలుగు మీటర్ల దగ్గర కళ్ళు తెరిచాడు. ఒక్కసారిగా గాలి వదిలాడు, పీపా మూత తీసినట్టు. తరువాత పీల్చాడు, వదిలాడు. అక్కడే కొంతసేపు ఆగి, మెల్లగా పైకి వచ్చాం.

తొమ్మిది మీటర్ల నుంచి నాలుగుకు వస్తే గాలి మూడో వంతు కంటే ఎక్కువ పెరుగుతుంది. నిండు ఊపిరి అయ్యుంటే ఈ కేసు ఇంకోలా రాయాల్సి వచ్చేది. ముక్కులోకి నీళ్ళు పోయినప్పుడు ఆయన ఊపిరి సగంలో ఉంది. నా నైపుణ్యం కంటే ఆ సగం ఊపిరే కాపాడింది.

పడవ మీద, ఒడ్డున

పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టాం. ఛాతీ నొప్పి, దగ్గులో నెత్తురు, గొంతు మారడం, మెడ చర్మం నొక్కితే చిటపటలాడటం, ఇవన్నీ చూశాను. చేతుల పట్టు రెండు వైపులా సమానంగా ఉందా, నవ్వితే మూతి సమానంగా ఉందా, కళ్ళు మూసుకొని నిలబడగలడా, పేరూ తేదీ తికమక లేకుండా చెబుతున్నాడా అని మొదట ఐదు నిమిషాలకోసారి, తరువాత గంటకోసారి. పదిహేనుసార్లు దాటాక అన్న చిరాకుపడ్డాడు. "తారీఖు మారలే తమ్మీ, నీ మొకం మారింది" అన్నాడు. రీకంప్రెషన్ చాంబర్ (ఇలాంటి ప్రమాదాల్లో ఒత్తిడి పెంచి వైద్యం చేసే గది) ఎక్కడుంది, రోడ్డు మీద ఎన్ని గంటలు, ఎవరికి ఫోన్ చేయాలి అన్న కాగితం ప్రతి ట్రిప్పులో నా జేబులో ఉంటుంది. ఆ రోజు దాన్ని మొదటిసారి బయటికి తీశాను. వాడే పని పడలేదు.

దొరికిన దెబ్బ ఎడమ చెవిది. దిబ్బడ, కొంచెం నొప్పి, ముక్కులోంచి రెండు చుక్కల నెత్తురు. చీదొద్దు, చెవిలో ఏ చుక్కలూ వేయొద్దు అని చెప్పాను.

మర్నాడు డైవింగ్‌కు ఆయన సిద్ధం. నేను వద్దన్నాను. పైసలు కట్టిన సంగతి గుర్తుచేశాడు, సగం వాపసు ఇస్తానన్నాను, పైసల గురించి కాదన్నాడు, మొహం ముడుచుకున్నాడు. పిల్లల్ని రెండో ఇన్‌స్ట్రక్టర్‌కు అప్పగించి నేను ఒడ్డున ఆయనతోనే ఉన్నాను. ఇంటికి కూడా తొందరపడలేదు. మురుడేశ్వర్ నుంచి ఘాట్ ఎక్కి హుబ్బళ్ళి చేరేసరికి 600 మీటర్ల ఎత్తు దాటుతాం. డైవింగ్ తరువాత ఎత్తుకు పోతే ఒంట్లో కరిగిన గాలి బుడగలు కట్టే ప్రమాదం ఉంది, అది విమానంలోనే కాదు, కారులోనూ లెక్కే. మా వాళ్ళకు విమానం సంగతి తెలుసు, ఘాట్ సంగతి ఎవరికీ తోచదు. ఒక రోజంతా ఆగి బయల్దేరాం.

ఆ ఖాళీ రోజు శివుడి విగ్రహం నీడలో కూర్చొని అసలు ప్రశ్న అడిగాను: ముక్కులోకి నీళ్ళు పోగానే ఏం చేశావన్నా?

"నేనేం చెయ్యలే. గొంతు దానంతట అదే మూసుకపాయె."

హనుమకొండలో చెవి డాక్టర్ చూసి, కర్ణభేరి ఎర్రబడింది, చిల్లు లేదన్నారు. మూడు వారాలకు మామూలైంది.

బావి దగ్గర

సంక్రాంతి సెలవుల్లో వాళ్ళ ఊరు పోయాను. పన్నెండు గజాల బావి, రాతి కట్టు, ఆ ఏడు నీళ్ళు బాగా ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, ఆయనకు అక్కడే మళ్ళీ నేర్పుదామన్న ఆలోచన కూడా ఉండింది నాకు. మోటారు వైరు నీళ్ళలోకి దిగి ఉండటం, అర మీటరు కింద చెయ్యి కనబడకపోవడం చూశాక మానుకున్నాను.

పిల్లలు ఆడుకుంటున్నారు. పందెం పాతదే: మునిగి అడుగు మట్టి తేవాలి. పిడికిట్లో నల్ల మట్టి చూపిస్తేనే పోయినట్టు. ఒక్కొక్కడూ గట్టు మీద నిలబడి చెంపలు పొంగేలా గాలి మింగి, గొంతు బిగించి దూకుతున్నాడు. లేచేదాకా ఒక్క బుడగ లేదు. లేచాక "ఫూ" అని ఒకేసారి. ఒక చిన్నవాడు మధ్యలో బుడగలు వదిలాడు. మిగతావాళ్ళు గోల: "దమ్ము ఇడిశిండు! దమ్ము లేదు వీనికి!"

మన మాటలోనే ఉంది. దమ్ము అంటే ఊపిరి, దమ్ము అంటే ధైర్యం. వదిలినవాడు ఓడినవాడు. ముప్పయి ఏళ్ళ కింద ఈ గట్టు మీద అన్న నేర్చుకున్నది ఈతే కాదు, వదలడం సిగ్గు అని కూడా. నేను "ఊపిరి బిగబట్టొద్దు" అని ఎన్నిసార్లు చెప్పినా అది ఆయన నోట్‌బుక్ దాటి పోకపోవడంలో వింత లేదు. "గాలి ఉత్తగ ఎందుకు ఇడువాలె, ఉన్నకాడికి దాచుకోవాలె గని" అన్నాడు ఒకసారి. వ్యాపారి మాట అనుకొని నవ్వాను అప్పుడు.

బావి పక్క చెలకలో పెద్ద పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. కూత పెట్టుకుంటూ పోయినవాడు కూత ఆగితే ఔట్. కూత అంటే ఏమిటి, ఒకే ఊపిరిని చివరిదాకా మెల్లగా వదలడం. గొంతు తెరిచే ఉంటుంది, గాలి పోతూనే ఉంటుంది. బిగబట్టిన క్షణం ఆట పోతుంది. అన్న ఒకప్పుడు స్కూలు జట్టులో రైడర్. అంటే అదే ఒంట్లో రెండు ఆటలు ఉన్నాయి, నేను తప్పు ఆటను లేపాను.

మళ్ళీ కొలను

ఆయన్ని మెట్ల మీద, నడుము లోతు నీళ్ళలో కూర్చోబెట్టాను. మాస్క్ లేదు. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకొని మొహం నీళ్ళలో ముంచి పది నిమిషాలు మామూలుగా ఊపిరి తీసుకోవాలి. అంతే పని. మొదటి రోజు ముప్పయి సెకన్లకు తల ఎత్తాడు. ముక్కు తెరిచి ఉండి నీళ్ళలో గాలి పీల్చడం ఆయన ఒంటికి నమ్మశక్యంగా లేదు. 200 మీటర్లు అవలీలగా ఈదిన మనిషి నడుము లోతులో చెమటలు పట్టడం చూసి పిల్లలు నవ్వబోతే బయటికి పంపాను. నాలుగో రోజుకు పది నిమిషాలు కూర్చున్నాడు.

తరువాత కూత. రెగ్యులేటర్ నోట్లోనే ఉంచి, దాన్నుంచి పీల్చకుండా, కొలను అడుగున అడ్డంగా తొమ్మిది మీటర్లు, నోటితో కూత పెడుతూ ఈదాలి. నీళ్ళలో "కబడ్డీ" అన్న మాట "బుడుబుడు" అని వినిపిస్తుంది, అదీ ఆగకుండా వినబడాలి. ఆగితే నేను భుజం మీద తట్టి "ఔట్" సైగ చేస్తాను. ఇది ఆయనకు ఒక్క పూటలో వచ్చింది. గాలి అయిపోతే పైకి వచ్చేటప్పుడు చేయాల్సింది కూడా సరిగ్గా ఇదే, గుక్కంతా ఒకేసారి కక్కడం కాదు.

మాస్క్ పని చివర పెట్టాను. ఈసారి గడియారం ఒడ్డున వదిలేశాను. బుడగల గుత్తి ఒకటి వచ్చినప్పుడల్లా ఆయన ముందు ఒక వేలు మడిచాను. నిమిషంలో పది పన్నెండు వేళ్ళు మడవాలి. మొదట నాలుగు, తరువాత ఏడు. తక్కువైతే మళ్ళీ. చివరి క్లాసులో, మాస్క్ లేని ఆయనకు కనబడకుండా నేనే పక్క నుంచి నీళ్ళు మొహం మీదికి తోశాను, అల తోసినట్టు. బుడగలు ఆగలేదు.

ఆ రోజు మీటరు 115 చూపించింది. తలనొప్పి లేదు. గాలి ఎక్కువ ఖర్చు పెట్టినందుకు ఒక విద్యార్థిని మెచ్చుకోవడం నాకు అదే మొదలు. "ఇంత ఖర్చా" అని మీటరు వైపు బాధగా చూశాడు.

నా పద్ధతిలో కొన్ని మార్చుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి నేర్పడం చాలావరకు మానేశాను, మొదటి నుంచీ నీళ్ళ మధ్య నిలిపే నేర్పుతున్నాను. సముద్రంలో బరువు అంచనాతో కట్టను, నీటి మీదే నిలబెట్టి చూసి అర కిలో, కిలో చొప్పున కలుపుతాను. ఇక చేరేవాళ్ళను "ఈత వచ్చా?" అని అడిగి ఊరుకోవడం లేదు, ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతున్నాను. బావి అన్నారంటే కూతతో మొదలుపెడతాను. వరంగల్ జిల్లాల్లో నలభై దాటిన మగవాళ్ళలో బావి ఈత రానివాళ్ళు తక్కువే మరి. ఈత అసలు రానివాడు భయపడతాడు గానీ చెప్పింది చేస్తాడు, అదో సుఖం.

రెండో ప్రయాణం

ఫిబ్రవరి చివర. మార్కెట్లో మిర్చి బస్తాలు గుట్టలు పడే రోజులు. పది రోజుల ముందు నుంచి అడ్తి తమ్ముడికి అప్పగించి, ఘాటుకు దూరంగా ఇంటిపట్టున ఉండమన్నాను. సీజన్లో అడ్తిదారును ఇంట్లో కూర్చోబెట్టడం కోర్సు మొత్తంలో కష్టమైన మెళకువ. వదిన గట్టిగా నిలబడటం వల్ల అయింది.

బరువు ఆరున్నర కిలోలు, లెక్క ఎంత చెప్పిందో అంత. చెవులు పలికాయి. అదే ఇసుక మడి, అదే మాస్క్. నీళ్ళు నిండాయి, కళ్ళు మూశాడు, బుడగలు వస్తూనే ఉన్నాయి. నేను లెక్కపెడుతూనే ఉన్నాను, మాస్క్ ఖాళీ అయ్యాక కూడా.

మూడో డైవ్ పన్నెండు మీటర్లు. చేతికి భద్రకాళి గుడిలో కట్టించుకున్న ఎర్ర దారం ఉంది, దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకొని పదే పదే చూస్తున్నాడు. నీళ్ళలో ముందుగా మాయమయ్యే రంగు ఎరుపు. ఆ లోతుకు అది బురద రంగులో కనబడుతుంది. ఎరుపు చూసి మిర్చి ధర చెప్పే మనిషికి అది ఎలా ఉండి ఉంటుందో. టార్చి వెలిగించి దారం మీద వేశాను. ఎరుపు తిరిగొచ్చింది. టార్చి నా చేతిలోంచి తీసుకొని బండలన్నిటి మీదా వేసుకుంటూ పోయాడు, గోధుమరంగు అనుకున్నవన్నీ ఎర్రగా, నారింజగా లేచి వచ్చాయి. బొక్కల్లోకి వెలుగే వేశాడు, చెయ్యి పెట్టలేదు.

నాలుగో డైవ్ పద్నాలుగు మీటర్లు. బండలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఆగాం. అన్న మెల్లగా వంగి పిడికెడు ఇసుక తీసుకున్నాడు. లేచి నా వైపు చూశాడు. వేళ్ళు విప్పాడు, ఇసుక జారిపోయింది. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి పైకి వచ్చాం. ఆయన మీటరు 70, నాది 110.

సాయంత్రం లాగ్‌బుక్ నింపుకోమని ఇచ్చాను. లోతు, సమయం, బరువు, గాలి అంకెలు శ్రద్ధగా రాశాడు, చిట్టా రాసినట్టు. విశేషాలు అన్న గడిలో ఒకే లైను ఉంది: "అడుగు ముట్టిన. మట్టి తేలే."